దీవికి నాలుగో టికెట్

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పిచ్చుక గొంతు.

"అత్తా, పాలు కాలుతున్నాయి! అత్తా, సాక్సు ఒకటే దొరికింది! అత్తా, నా జడ!"

"ఉండవే తల్లీ, నాకున్నవి రెండే చేతులు" అంటూ అత్త ఒక చేత్తో పాలు కలుపుతూ, రెండో చేత్తో సోఫా సందులో సాక్సు కోసం తడుముతోంది. పిచ్చుకంటే ఆ ఇంటి నాలుగున్నరేళ్ళ పిల్ల. కాసేపైనా ఒకచోట నిలవదు, నోరు మూయదు. ఆ ముద్దుపేరు అందుకే వచ్చింది.

అత్త పిల్ల తండ్రికి అక్క. నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా నాన్నా ఒకే ఏడాది పోయినప్పుడు ఆమెకు పందొమ్మిది, తమ్ముడికి తొమ్మిది. ఒక గ్రంథాలయంలో బైండరుగా చేరింది. చిరిగిన పుస్తకాలు విప్పి, పేజీలు వరస పెట్టి, దారంతో కుట్టి అట్ట వేసే పని. ఆ పనితోనే తమ్ముణ్ణి చదివించింది. వాడిప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నాడు. పిచ్చుక పుట్టిన ఏడాదికి, మరదలు ఆస్పత్రి ల్యాబులో తిరిగి డ్యూటీలో చేరాల్సి వచ్చినప్పుడు, "బయటివాళ్ళ చేతిలో పిల్లనెలా పెడతామక్కా" అన్నాడు తమ్ముడు. ఆమె ఉద్యోగం మానేసి, అద్దె గది ఖాళీ చేసి, రెండు సూట్‌కేసులతో వచ్చేసింది.

ఆ పొద్దున తమ్ముడు ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. నీలంగా మెరిసే నీళ్ళు, తెల్లటి ఇసుక, చెక్క వంతెన మీద వరసగా గుడిసెల్లాంటి గదులు.

"ఎలా ఉందక్కా?"

"క్యాలెండర్ బొమ్మలా ఉంది. ఏమిటిది?"

"దీవి. వచ్చే నెల వెళ్తున్నాం. ఆరు రోజులు. నువ్వు కూడా."

"నేనా?" ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నేనెందుకురా మీ మధ్య?"

"నువ్వు లేకుండా ఎలా అక్కా?"

ఆ మాట ఆమె చెవుల్లో నాలుగు రోజులు తియ్యగా తిరిగింది. నువ్వు లేకుండా ఎలా! పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎక్కడికైనా రమ్మని అడిగినవాళ్ళు లేరు. మరదలు మాత్రం టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఏమీ అనలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని కాబోలు అనుకుందామె.

ఇక ఆ నెలంతా ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. పాస్‌పోర్టు ఆఫీసులో మూడు గంటలు నిలబడి, ఫోటోలో నవ్వకూడదని రెండుసార్లు చెప్పించుకుంది. పిచ్చుకకు చేతులు మూసే ఈత దుస్తులు, ఎండకు టోపీ, మెడ మీద పూసే క్రీము, విమానంలో చెవులు పోటెత్తకుండా చప్పరించడానికి బిళ్ళలు, అన్నీ చీటీ రాసుకుని కొంది. పిల్లకు చేపల బొమ్మల పుస్తకం చూపిస్తున్నప్పుడు అది "ఇది మనల్ని కరుస్తుందా అత్తా?" అంటే, "మీ నాన్న గురక వింటే అదే పారిపోతుంది" అనేది.

ఎవరికీ చెప్పకుండా ఇంకో పని కూడా చేసింది. పిచ్చుకను బడిలో దింపి, మున్సిపల్ ఈతకొలనులో ఆడవాళ్ళ గంటకు వెళ్ళింది. మొదటి వారం ముక్కులోకి నీళ్ళుపోయి దగ్గడమే సరిపోయింది. "ఈ వయసులో ఇప్పుడెందుకమ్మా?" అంది నేర్పే ఆవిడ. "సముద్రంలో మా పిల్ల చెయ్యి పట్టుకోవాలి, నేనే మునిగితే ఎలా?" అంది. మూడో వారానికి వెల్లకిలా తేలింది. పైకప్పు దీపాలు చూస్తూ, తనకెవరి పనీ లేని ఆ అర నిమిషం ఆమెకు ఏడుపొచ్చేంత హాయిగా అనిపించింది.

ప్రయాణం వారంలోకి వచ్చింది. ఆదివారం పొద్దున తమ్ముడు కాగితాల కట్ట తెచ్చిచ్చాడు.

"విమానాశ్రయంలో ఒక్కోటీ వెతుక్కోలేమక్కా. నీ చేత్తో ఒక పుస్తకంలా కుట్టిపెట్టవూ?"

ఆమె సంబరంగా సూది, దారం తీసింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, పేజీ వరస చూడకుండా కుట్టదు. టికెట్లు అయ్యాయి, బీమా అయింది. రిసార్టు వాళ్ళ ఫారం వచ్చింది. వచ్చేవారి వివరాలు, నాలుగు వరసలు. భర్త. భార్య. కుమార్తె. నాలుగో వరసలో ఆమె పేరు, పక్కన "వరుస" అన్న గడిలో తమ్ముడి చేతిరాత: ఆయా.

ఇంకొకరెవరో అనుకుని మళ్ళీ చదివింది. ఆమె పేరే. కింద సన్న అక్షరాల్లో నియమాలున్నాయి. పాపతో వచ్చే ఆయాకు గది ఉచితం, వెనక సిబ్బంది క్వార్టర్లలో. భోజనం సిబ్బంది క్యాంటీనులో. అతిథుల బీచిలోకి పాపతో ఉన్నప్పుడు తప్ప ప్రవేశం లేదు.

ఆమె సూది పక్కన పెట్టింది. మధ్యాహ్నం అందరికీ అన్నం వడ్డించింది. పిచ్చుక తిని బొమ్మల గదిలోకి పరిగెత్తాక, ఆ కాగితం తమ్ముడి కంచం పక్కన పెట్టింది.

"ఇందులో తప్పు పడింది. దిద్దుతావేమోనని."

తమ్ముడు చూశాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "అదా... అది ఊరికే అక్కా. అలా రాస్తే నీ గదికి డబ్బులుండవు. కాగితం మీద మాటే కదా."

"కాగితం మీద మాటే. నిన్ను కొత్త బళ్ళో చేర్పించినరోజు సంరక్షకురాలని నేను సంతకం పెట్టిందీ కాగితం మీదేరా. పందొమ్మిదేళ్ళ పిల్లని. వేలు వణికి సిరా మరక పడితే, ప్రధానోపాధ్యాయుడు కసిరి ఇంకో కాగితం ఇచ్చాడు. అదీ ఊరికేనే అనుకోవాలా?"

"అంత పెద్దది చెయ్యకక్కా. నిన్ను తీసుకెళ్ళాలనే కదా..."

"తీసుకెళ్ళి ఎక్కడ కూర్చోబెడదామనుకున్నావు? మీరు సముద్రం చూస్తూ తింటుంటే, నేను వెనక క్యాంటీనులో వరసలో నిలబడాలా? ఏరు దాటాక తెప్ప తగలేస్తారని విన్నాను. నువ్వు సముద్రం దాటకముందే తగలేశావు."

తమ్ముడు కాగితం పక్కకి జరిపాడు. భార్య వైపు చూశాడు. ఆ చూపు మరదలికి నిప్పులా తగిలింది.

"నా వైపు చూడకండి. నేను రాయమన్నానా?" అని, వదిన వైపు తిరిగింది. "ఆ ఫారం సంగతి నాకిప్పుడే తెలిసింది వదినా. కానీ ఇంకో మాట దాచుకోను. మీరసలు రావొద్దన్నాను నేను."

మరదలు తన కంచం పక్కకి నెట్టింది.

"నా కూతురు పడితే 'అత్తా' అంటుంది. కల వచ్చి ఉలిక్కిపడితే 'అత్తా' అంటుంది. నేనెత్తుకుంటే మీ కోసం చూస్తుంది. మీ తప్పని కాదు. పొద్దున ఏడింటికి వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేదాన్ని, నన్నెందుకు పిలుస్తుంది? ఆరు రోజులు, ఒక్క ఆరు రోజులు అది నా దగ్గరుంటుందని ఈ ప్రయాణం అడిగాను. పిల్లను సముదాయించడం మన వల్ల కాదు, అక్క ఉండాల్సిందే అన్నారు ఈయన."

నువ్వు లేకుండా ఎలా అన్న మాటకు అర్థం ఇదన్నమాట. ఆమె కుర్చీలో కూర్చుంది. ఒకడు తనను పనిమనిషిని చేశాడు. ఇంకొకతెకు తను అడ్డం. అయినా రెండో మాటే తక్కువ నొప్పి పెట్టడం ఆమెకే వింతగా తోచింది. అందులో దొంగచాటు లేదు.

"నువ్వు అడిగింది న్యాయమే అమ్మాయ్. ముందే నాతో అనాల్సింది" అంది. "మీరు ముగ్గురూ వెళ్ళండి."

"మరి పిల్ల..." అన్నాడు తమ్ముడు.

"నీ పిల్లేరా. నేర్చుకో."

"కోపంతో అంటున్నావక్కా. ఫారం మార్పిస్తాను. మాతోపాటే నీకూ గది తీసుకుంటాను."

"గది మార్చగలవు. ఆ మాట రాసేటప్పుడు నీ చెయ్యి ఒక్క క్షణమైనా ఆగిందా, చెప్పు."

వాడు తల దించుకున్నాడు. అదే జవాబు.

వాళ్ళు వెళ్ళిన రోజు గేటు దగ్గర పిచ్చుక ఆమె కొంగు వదల్లేదు. "అత్తా, నువ్వు రాకపోతే చేపలు నన్ను కరుస్తాయి." ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మరదలి చేతిలో పెట్టేటప్పుడు ఆమె పళ్ళు బిగించి నవ్వింది. కారు మలుపు తిరిగాక లోపలికి వెళ్ళి తన సూట్‌కేసులు సర్దుకుంది. గ్రంథాలయంలో ఆమె స్థానం ఎప్పుడో నిండిపోయింది. ఒక అచ్చు యంత్రాల వీధిలో, ప్రెస్సు వెనక, రోజుకూలి మీద బైండింగు పని దొరికింది. పై అంతస్తులో ఒక గది దొరికింది.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. తమ్ముడు. వెనక పిచ్చుక ఏడుపు, మరదలి జోకొట్టే గొంతు.

"అక్కా, చెవినొప్పి, జ్వరం. డాక్టరు ఏ మందు పడదని అడుగుతున్నాడు. మా ఇద్దరికీ తెలియదక్కా."

"గులాబీరంగు సిరప్ వద్దు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. దాని పేరు చెప్తాను, రాసుకో. ఎడమ చెవే కదా? ఆ వైపు పడుకోనివ్వకండి. వీపు నిమిరితే నిద్రపోతుంది." ఒక్క గుక్కలో చెప్పింది. "వాళ్ళమ్మనే నిమరమను. దానికి ఫోన్ ఇవ్వొద్దు, నా గొంతు వింటే ఇంకా ఏడుస్తుంది."

ఫోన్ పెట్టేశాక ఆమె జిగురు డబ్బా ముందు కూర్చుని, ఆ నెలలో మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది.

తిరిగొచ్చిన వారానికి ముగ్గురూ ఆ గది వెతుక్కుంటూ వచ్చారు. పిచ్చుక మెట్లెక్కి వచ్చి ఆమె ఒళ్ళో వాలిపోయింది. కాసేపటికి దిగి, "అమ్మా, దాహం" అని మరదలి దగ్గరికి వెళ్ళింది. మరదలు కళ్ళెత్తి వదినను చూసింది. ఆ కళ్ళలో గెలుపు లేదు, నీళ్ళున్నాయి.

"రెండు రోజులు నరకం చూపించింది వదినా. ఆ రెండు రోజులూ మీ కష్టం నాకు తెలిసింది. మీకొక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు నేను."

తమ్ముడు గుమ్మం దాటలేదు. చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడి, "ఆగలేదక్కా" అన్నాడు. "ఆరోజు అడిగావే. నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. అలవాటైపోయావు నువ్వు. ఇంటి మనిషివని మర్చిపోయాను." చిన్నప్పుడు బళ్ళో దెబ్బలు తిని వచ్చి ఏడ్చినట్టే, అరచేత్తో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు.

ఆమె లేచి వాణ్ణి చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వాడు తాగేదాకా తల మీద చెయ్యి తియ్యలేదు.

"ఇంటికి రా అక్కా. ఎప్పుడొస్తావు?"

పిచ్చుక కూడా ఆట ఆపి తలెత్తింది.

"ఆదివారం వస్తాను" అందామె. "భోజనానికి. చుట్టంగా వస్తాను, సాయంత్రం నా ఇంటికి నేను వెళ్ళిపోతాను."

తమ్ముడు ఏదో అనబోయాడు. మరదలు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "తప్పకుండా రండి వదినా" అంది. "వంట నేను చేస్తాను."