ఎవరు కొన్నారండీ?

"మీరు అమ్మామంటున్న ఈ కంప్యూటర్లు ఎవరు కొన్నారండీ?"

హాలు చివరి వరుసలోంచి వచ్చిందా ప్రశ్న. పెట్టుబడిదారుల ముందు కంపెనీ లెక్కలు చెప్పే రోజది. అమ్మకాలు బ్రహ్మాండంగా పెరిగాయని సేల్స్ మేనేజర్ అప్పుడే చెప్పి, గుక్కెడు నీళ్లు తాగుతోంది.

"మా డీలర్లు కొన్నారు" అంది.

"డీలర్ల దగ్గర జనం కొన్నారా అని అడుగుతున్నా. మీ గోడౌన్ లోంచి వాళ్ల షాపులోకి వెళితే అమ్మకం అవుతుందా? మన అటక మీది సామాను పక్కింటి అటకెక్కినట్టు."

హాల్లో నవ్వులు. ఆమె మొహం కందగడ్డయింది.

ప్రశ్న అడిగినతను ఒక పెట్టుబడి సంస్థలో కంపెనీల లెక్కలు తరచి చూసే అనలిస్టు. నోరు తెరిస్తే ఎవరిదో ఒకరి షేరు పడుతుందని శకునపక్షి అని పేరు. ఆమెను ఆఫీసులో టపాకాయ అంటారు. అగ్గిపుల్ల కూడా అక్కర్లేని రకం.

సాయంత్రానికి కంపెనీ షేరు పడింది. ఆమె అతన్ని హాలు గుమ్మంలో పట్టుకుంది. బయట వాన దంచుతోంది.

"జీవితంలో ఒక్క కంప్యూటరైనా అమ్మారా మీరు?"

"లేదండీ. కొనేవాడిలా షాపులు మాత్రం తిరిగాను. ఎక్కడికెళ్లినా సగం ధరకిస్తాం, తీసుకెళ్లు బాబూ అని బతిమాలుతున్నారు. ఒకాయన టీ కూడా ఇచ్చాడు."

"ఎవరాయన?"

"చెప్పను."

"ఉంటేగా చెప్పడానికి" అని ఆమె విసురుగా వానలోకి నడిచింది. నాలుగడుగులు వేశాక తల తడవడం లేదని గమనించి వెనక్కి తిరిగింది. గొడుగు ఆమె మీద ఉంది, వాన అతని మీద ఉంది.

"నేనడిగానా గొడుగు?"

"లేదు. తిట్టడం సగంలో ఆపారు. మిగతాది విందామని వచ్చాను."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే అతని ఫోన్ నంబరు తీసుకుంది, తిట్టడానికి.

అప్పట్నుంచి రోజూ ఫోన్ చేసేది. "మీ మాటల వల్ల మా వాళ్ల ఉద్యోగాలు పోతాయి, తెలుసా" అని మొదలుపెట్టి, గొంతు అరిగేదాకా దులిపేది. అతను వినేవాడు, కానీ ఒక్క మాటా వెనక్కి తీసుకునేవాడు కాదు. ఆమె చేయని రోజు అతనే చేశాడు.

"ఇవాళ తిట్లు రాలేదు. ఒంట్లో బాలేదా?"

"మీ మొహం" అని పెట్టేసింది. తర్వాత చాలాసేపు ఫోన్ వంక చూస్తూ కూర్చుంది.

ఇంతలో బాస్ పిలిచాడు. "శకునపక్షి నోరు మూయించాలి. డీలర్లకి ఇంకో లోడు పంపించు" అన్నాడు. ఆమె పంతం కొద్దీ పంపించింది.

ఆ ఆదివారం చెప్పకుండా పుట్టింటికి వెళ్లింది. నాన్నది కంప్యూటర్ల షాపు, ఆమె కంపెనీకే డీలరు. కొన్నాళ్లుగా, ఇంటికి రంగులేయిస్తున్నాం, ఇప్పుడు రావద్దమ్మా అంటూ దాటేస్తున్నాడు.

తలుపు తీస్తే రంగుల్లేవు. హాలు నిండా అట్టపెట్టెలు. ఆమె గదిలో మంచం గోడకి నిలబెట్టి ఉంది, అక్కడా పెట్టెలే. అన్నిటి మీదా ఆమె కంపెనీ బొమ్మే. రెండు పెట్టెల మీద ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్నారు నాన్నా, శకునపక్షీ.

ఆమె పెట్టెల మధ్య దారి చేసుకుంటూ నాన్న ముందుకొచ్చింది.

"ఎందుకు తీసుకున్నావు నాన్నా ఇన్ని?"

"మీ ఆఫీసువాళ్లొచ్చి, మీ అమ్మాయి టార్గెట్టే, మీరే కాదంటే ఎలాగండీ అన్నారు. కాదనలేకపోయాను తల్లీ."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే వింటావా?" వంటింట్లోంచి అమ్మ అంది. "ఫోనెత్తితే టార్గెట్టు, పెడితే టార్గెట్టు. నీ టార్గెట్టు పుణ్యమా అని పొయ్యి పక్కన పడుకుంటున్నాను."

ఆమె అతని వైపు తిరిగింది. "ఇది మా ఇల్లని తెలుసా మీకు?"

"షాపులో పట్టని సరుకు చూపిస్తానని ఈయన ఇక్కడికి తీసుకొచ్చారు. గోడ మీద మీ ఫొటో చూశాక తెలిసింది."

"అన్ని తిట్లు తింటూ కూడా చెప్పలేదు."

"చెప్తే మీ ముందు నేను గెలిచేవాణ్ణి. ఈయన తలెత్తుకోలేకపోయేవారు."

"మరి ఎందుకొస్తున్నారు ఇంకా?"

"పెట్టెలు జరపడానికి. అమ్మగారికి కాళ్లు చాపుకునే చోటు కావాలిగా."

ఆమెకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. ఈసారి కోపం ఎవరి మీదో ఆమెకు బాగా తెలుసు. ఆఖరి లోడుకి సంతకం పెట్టింది తనే.

మర్నాడు బాస్ గది తలుపు దడాలున తెరుచుకుంది.

"డీలర్ల దగ్గర మిగిలిందంతా వెనక్కి తీసుకోవాలి. లేకపోతే ఇన్వెస్టర్లకి నేనే చెప్తాను."

"షేరు ఏమవుతుందో తెలుసా? నీ కుర్చీ ఏమవుతుందో?"

"మా అమ్మ పొయ్యి పక్కన పడుకుంటోంది. కుర్చీ మీరే ఉంచుకోండి."

ఆయన వినలేదు. ఆమె అన్నంత పనీ చేసింది. షేరు పాతాళానికి పడింది. గొడవ పెద్దదయ్యాక కంపెనీ సరుకు వెనక్కి తీసుకోక తప్పలేదు. ఆమె మేనేజరు పదవి పోయింది, మళ్లీ షాపులు తిరిగే ఉద్యోగమే మిగిలింది.

లారీ వచ్చిన రోజు అతను కూడా చొక్కా చేతులు మడిచి పెట్టెలు మోశాడు. అంతా అయ్యాక ఖాళీ హాల్లో ఆమె ఎదురుగా నిలబడింది.

"నా పదవి పోయింది. మీకు సంతోషమేగా?"

"లేదు. ఆ రోజు ఇన్వెస్టర్ల ముందు నన్ను మీ పక్కన నిలబడనివ్వలేదని బాధగా ఉంది."

"రేపట్నుంచి పెట్టెలుండవు. ఏ వంక పెట్టుకుని వస్తారు మా ఇంటికి?"

అతను మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "వంక లేకుండా రావాలనే ఉంది" అన్నాడు మెల్లగా. "మీరు కాదంటే రాను."

"ఈ ముక్క ఎప్పుడో చెప్పి ఏడవచ్చుగా. ఇన్నాళ్లూ ఊరికే ఫోన్ చేశాననుకున్నారా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "బాబూ, అదెప్పుడూ ఇంతే. కోపం తగ్గుతుందని ఆశపడకు."

"తగ్గొద్దండీ" అంటూ అతను నవ్వేశాడు.

"నవ్వింది చాలు" అంది ఆమె, ఫోన్ చేతిలోకి తీసుకుంటూ. "మీ అమ్మగారి నంబరు చెప్పండి. మా అమ్మ మాట్లాడుతుంది."