గాలిపటం ఇంటి తెల్ల సగం

రేయ్ వినండి. ఫ్లాట్ బుష్‌లో బస్సు దిగి మా వీధికి వచ్చే దారిలో ఒక పాత చెక్క ఇల్లుంది కదా... అదే, గాలిపటం ఇల్లు. ఆ పక్క ఫుట్‌పాత్ మీద ఎవడూ నడవడు. కుక్కల్ని తిప్పే ఈ దేశపు కివీ తాతలు కూడా అక్కడికి రాగానే రోడ్డు దాటేస్తారు. చుట్టూ అన్నీ మనవాళ్ళ కొత్త ఇళ్ళు, మధ్యలో అదొక్కటే — కిటికీలకి చెక్కలు కొట్టేసి, గడ్డి నడుం దాకా పెరిగి.

ఆ పేరెందుకంటే, తలుపు పైన ఒక పలక ఉంటుంది. గాలిపటంలా మూల మీద నిలబెట్టారు. ఎడమ సగం నలుపు, కుడి సగం తెలుపు, మధ్యలో డాలు, డాలు మీద కొంగలాంటి పిట్ట. ఎప్పుడో చచ్చిపోయిన రైతు ఇల్లట. ఆయన పెళ్ళాం మాత్రం ఇంకా లోపలే ఉందంటారు... చీకటి పడితే వరండాలో అడుగుల చప్పుడు వస్తుందంటారు.

నేను నమ్మేవాణ్ణి కాదు. శశాంక్ గాడు చెప్పింది విన్నాక నేనూ రోడ్డు దాటుతున్నా. వాడు చెప్పింది చెప్పినట్టు చెప్తా. మధ్యలో ఎవడైనా నవ్వే బొమ్మ పెట్టాడో... బ్లాకే.

వాళ్ళ సోషల్ మిస్ ప్రాజెక్ట్ ఇచ్చింది. వెనకటికి ఇక్కడి పెద్ద కుటుంబాలకి ఒక్కో ఇంటిపేరుకి ఒక్కో డాలు గుర్తు ఉండేదట. దాని మీద ఏ జంతువు, ఏ రంగు అన్నదానికి అర్థం ఉంటుందట. మీ ఇంటిపేరుకి మీరూ ఒకటి గీసుకు రండి అంది.

మనోడి ఇంటిపేరు గుర్రం. స్కూల్ రికార్డులో ఇంటిపేరు ముందు పడిపోవడంతో టీచర్ల దగ్గర్నుంచి అందరూ వాణ్ణి "గర్రమ్" అనే పిలుస్తారు. వాడూ "యెస్" అనేస్తాడు. అలవాటైపోయింది.

ఇంట్లో అడిగాడు. "నాన్నా, మనకి డాలు ఏమన్నా ఉందా?"

"డాలా? మనకి కోటా లేదు, పేటా లేదు. ఇంటిపేరు గుర్రం, ఎక్కేది కరోలా," అన్నాడు మధుసూదన్ అంకుల్.

దాంతో వీడు ఏం చేశాడంటే — గాలిపటం ఇంటి పలకని ఫోటో తీసి, ఒక చెక్క ముక్క మీద మక్కీకి మక్కీ దించేశాడు. అదే ఆకారం, ఎడమ నలుపు, కుడి తెలుపు. కొంగ తీసేసి గుర్రం పెట్టాడు, కింద ఇంగ్లీషు పెద్దక్షరాలతో ఇంటిపేరు. నల్ల రంగు లేకపోతే చెల్లి అక్షర దగ్గర గ్లిటర్ మెరుపులు కలిసిన నలుపు కొట్టేశాడు. ఆరడానికి వీధి తలుపు మీద తోరణం మేకుకి తగిలించాడు.

"ఒరే, గుర్రం గాడిదలా ఉందిరా. ఆ మెరుపులేంటి, పెళ్ళి కార్డులా?" అంది వాళ్ళమ్మ కృష్ణవేణి ఆంటీ. "సర్లే, బానే ఉంది. ఉండనీ."

ఉండనిచ్చారు. అదీ తప్పు.

మర్నాడు గురువారం. గురువారాలు అంకుల్ హామిల్టన్ ఊళ్ళో ఆఫీసుకి కార్లో వెళ్ళొస్తాడు. వీడు పొద్దున పలక ఫోటో మిస్‌కి పంపి, సాయంత్రం బ్యాడ్మింటన్ అయ్యాక బస్సెక్కాడు. ఇక్కడ జూన్ అంటే చలికాలం కదా, ఐదున్నరకే చీకటి. పైగా వాన. బస్సులో మిస్ దగ్గర్నుంచి మెయిల్ —

"గర్రమ్, మీ నాన్నగారు పోయారని నాకు తెలీదు. చాలా బాధగా ఉంది."

వాడు మూడుసార్లు చదివాడు. కింద ఇంకా ఉంది. అది మామూలు డాలు కాదు, చావు పలక. ఇంట్లో మనిషి పోతే తలుపు మీద పెట్టేవాళ్ళు. ఎడమ సగం భర్తది, కుడి సగం భార్యది. పోయినవాళ్ళ సగానికి నలుపు, ఉన్నవాళ్ళ సగానికి తెలుపు...

ఎడమ సగం నలుపు. వాళ్ళ ఇంటి తలుపు మీద. నిన్నటి నుంచి.

అంకుల్‌కి ఫోన్ కొట్టాడు. రింగ్... రింగ్... ఎత్తలేదు. మళ్ళీ. ఎత్తలేదు. ఆంటీ ఏడు దాకా డ్యూటీలో ఉంటుంది, అక్షర ట్యూషన్లో. ఆ పలక పీకెయ్యాలి. నాన్న ఇల్లు చేరేలోపే పీకెయ్యాలి — అదొక్కటే బుర్రలో. బస్సు దిగి పరుగు. రోడ్డు దాటాలన్న సంగతే మర్చిపోయాడు.

గాలిపటం ఇంటి ముందుకి వచ్చాక ఆగిపోయాడు.

తలుపు పైన పలక లేదు. పలక ఆకారంలో పాలిపోయిన మచ్చ మాత్రం ఉంది.

"గర్రమ్..."

"యెస్," అనేశాడు.

అన్నాక గుర్తొచ్చింది. వీడి నానమ్మ ప్రతి వీడియో కాల్లో చెప్తుంది — చీకట్లో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకి పలక్కురా అని. వీడు పలికింది తన పేరుకి కూడా కాదు. ఇంటిపేరుకి. అంటే ఇంట్లో అందరి తరఫునా...

వరండాలో ఎవరో కూర్చున్నారు. ఒళ్ళో పలక. మొహం కనపడలేదు, తెల్ల జుట్టు మాత్రం కనపడింది. ఇంగ్లీషులోనే గుసగుసగా అడిగింది.

"మీ తలుపు మీద చదివాను... ఎడమ సగం ఎవరిది?"

"మా... మా నాన్నది."

"పోయాడా?"

"లేదు! ఉన్నాడు! ఉన్నాడండీ!"

"మరి నల్లగా ఎందుకు వేశావు?"

వీడికి ఏడుపొచ్చేసింది. "తెలీక వేశాను..."

ఆవిడ ఒళ్ళోని పలక తెల్ల సగాన్ని గోటితో గీకుతూ అంది —

"మా ఆయనది వేశారు... నాది వెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. ఎన్నేళ్ళని ఇలా తెల్లగా ఉండను?"

గర్... గర్... అని గీకుతూనే ఉంది. వాడు ఎలా పరిగెత్తాడో వాడికే తెలీదు.

ఇంటికొచ్చి తలుపు మీద ఫోన్ లైట్ వేశాడు. పలక అక్కడే ఉంది. గుర్రం ఉంది. ఇంటిపేరు ఉంది.

నలుపు లేదు. రెండు సగాలూ తెలుపే. ఎడమ సగం ముట్టుకుంటే పెచ్చులు ఊడాయి... వందేళ్ళ నాటి సున్నంలా, పసుపు తిరిగి, పగుళ్ళు పట్టి.

అప్పుడు ఫోన్ మోగింది. అంకుల్.

"కన్నా... మోటర్‌వే మీద కారు జారి మూడు చుట్లు తిరిగిందిరా. ట్రక్కు జానెడు దూరంలో ఆగింది. నాకేం కాలేదు. చిన్న గీత కూడా పడలేదు. ఎలాగో తెలీట్లేదు... ఏడవకు, వస్తున్నా."

ఇదంతా వాడు చెప్తే, పోరా కోతలు అన్నాను నేను. శుక్రవారం పొద్దున వాడే నన్ను లాక్కెళ్ళాడు. వాన వెలిసింది. గాలిపటం ఇంటి తలుపు పైన పలక ఎప్పట్లాగే ఉంది.

ఎప్పట్లాగే కాదు. రెండు సగాలూ నలుపే.

"ఎవడో వచ్చి పెయింట్ వేసుంటాడు లేరా," అన్నాను. వాడు చెయ్యెత్తి చూపించాడంతే. అప్పుడే మబ్బు పక్కకెళ్ళి ఎండ పలక మీద పడింది.

ఎడమ సగం మామూలు పాత నలుపు.

కుడి సగం మాత్రం తళతళా మెరిసింది... అక్షర గ్లిటర్.