స్టూడియో వెనక మంట

“ముప్పై ఏళ్ల నా బతుకిదమ్మా!” అంటూ హిదాయతుల్లా బూడిద మూటను బల్ల మీదికి విసిరికొట్టాడు.

బాపట్లలో ప్రైవేటు డిటెక్టివ్ రిబ్కా ఆఫీసు తలుపులు అప్పుడే తీశారు. ఆమె సహాయకుడు ఫణీంద్ర చొక్కా నిండా బూడిద పడింది.

హిదాయతుల్లాది తెనాలి. వయసులో సినిమా పాటలకు కీబోర్డు వాయించేవాడు. ఓసారి రేపల్లెలో బియ్యం మిల్లు చప్పుడు విని ఆ పని వదిలేశాడు. మిల్లులు, మరమగ్గాలు, పెనుమూడి వారధి మీద లారీలు, అన్నిటి చప్పుళ్లనూ టేపుల్లోకెక్కించి, కత్తిరించి, అతికించి సంగీతం కట్టాడు. సొంత స్టూడియో పెట్టాడు. పిచ్చోడన్నవాళ్లే తర్వాత టిక్కెట్టు కొనుక్కుని విన్నారు. ఆ సంగీతమంతా ఉన్న ఇరవై టేపు రీళ్లూ నిన్న మధ్యాహ్నం స్టూడియో వెనక ఇనప డ్రమ్ములో తగలబడిపోయాయట.

“ఎవరి మీదైనా అనుమానమా?” అడిగింది రిబ్కా.

“అనుమానమేంటి! సుమంత్ గాడే. నా దగ్గర నేర్చుకుని, నాతోనే గొడవపడి పోయాడు. పోలీసులకి వాడి పేరే రాసిచ్చా, రుజువు కావాలన్నారు.”

తెనాలి స్టూడియోలో మేనేజరు పాండురంగారావు ఎదురొచ్చాడు.

“పొగ చూసి పరిగెత్తానండి. అల్యూమినియం రీళ్లన్నీ మంటల్లో కణకణలాడుతున్నాయి. చెయ్యి పెట్టలేకపోయా. సుమంత్ గోడ దూకి పోతున్నాడండి.”

రిబ్కా మూటలోదీ, డ్రమ్ములో మిగిలిందీ అంతా ఫణీంద్ర చేత జల్లెడ పట్టించింది. మాడిన అట్టముక్కలు, కరిగి ముద్దయిన ప్లాస్టిక్కు తప్ప ఏమీ లేవు.

లోపల హిదాయతుల్లా కంప్యూటరులో మిగిలిన ఒక్క సంగీతాన్ని వినిపించాడు. మధ్యలో నిలువెత్తు స్పీకరు పెట్టెను అరచేత్తో చరిచాడు.

“దీని గొంతు పూడుకుపోయిందేంటి! మొన్నటిదాకా గదంతా అదిరేది.”

“పాతదైపోయింది బాయ్. రేపు రిపేరుకి పంపిస్తున్నాగా,” అన్నాడు పాండురంగారావు.

రేపల్లెలో సుమంత్ ఇంటికి వెళ్లేసరికి అతని చెంప ఇంకా కమిలే ఉంది.

“నేను నిన్న ఊరు దాటలేదండి. సాయంత్రం సారే వచ్చి బస్టాండులో అందరి ముందూ కొట్టారు. వారధి సంగీతం సగం నేను కట్టిందే. ఆల్బమ్ కవరు మీద నా పేరు తీసేశారు. అందుకే బయటికొచ్చేశా. అయినా రీళ్లు కాలాయంటే నాకూ కడుపు మండుతోందండి!”

తిరుగు రైల్లో ఫణీంద్ర ఉండబట్టలేక అడిగాడు. “ఇతనే అంటారా మేడమ్?”

“బూడిద జల్లించింది నువ్వేగా. అందులో ఏం దొరకలేదో ఆలోచించు.”

తెనాలి వచ్చేసినా ఫణీంద్రకు తట్టలేదు.

సాయంత్రం సుమంత్‌ను కూడా రప్పించి, రిబ్కా అందర్నీ స్టూడియోలో కూర్చోబెట్టింది.

“చెత్త మంటకి అల్యూమినియం బూడిదవదు. ఇరవై రీళ్లు కాలితే ఇరవై చక్రాలు, కనీసం వాటి ముద్దలైనా మిగలాలి. డ్రమ్ములో ఒక్కటీ లేదు. కాలింది ఖాళీ అట్టపెట్టెలూ, పాత క్యాసెట్లూ. మరి కణకణలాడే రీళ్లు పాండురంగారావుగారొక్కరికే ఎలా కనిపించాయి?”

పాండురంగారావు లేచి నిలబడ్డాడు.

“అసలు రీళ్లు ఈ గది దాటలేదు. నిండిన పెట్టెకే గొంతు పూడుకుపోతుంది. ఫణీంద్రా, ఆ స్పీకరు మరలు విప్పు.”

పాండురంగారావు అడ్డొచ్చాడు. సుమంత్ అతన్ని పక్కకి తోసేశాడు. పలక ఊడగానే లోపల వరసగా పేర్చిన రీళ్లు తళుక్కుమన్నాయి.

“అవును, నేనే!” పాండురంగారావు అరిచాడు. “ఓ సినిమా కంపెనీ వీటికోసం నా వెంటపడింది. నువ్వేమో ఇవ్వనన్నావు. ఇరవై ఏళ్లు నీ మిల్లు మోతకి కాపలా కాశాను బాయ్! ఏ రోజైనా నా మాట విన్నావా?”

“మళ్లీ అడిగి ఉంటే తిట్టేవాణ్ణి. అంతేగా! కాలిపోయాయని నన్ను చంపేశావు కదరా!”

పోలీసులు పాండురంగారావును తీసుకుపోయాక రిబ్కా హిదాయతుల్లా వైపు తిరిగింది. ఆమె గొంతులో అంత కోపం ఫణీంద్ర ఎన్నడూ వినలేదు.

“అతను దొంగ. మరి మీరు? ఒకడి పనికి పేరు లేకుండా చేశారు. ఆ పేరే తీసుకెళ్లి కంప్లయింటులో రాశారు.”

హిదాయతుల్లా తల దించుకున్నాడు. “తప్పయిపోయింది సుమంత్. క్షమించు.”

సుమంత్ చెంప తడుముకున్నాడు.

“కొట్టింది బస్టాండులో, అందరి ముందూ. క్షమాపణ మాత్రం ఇక్కడా? ఈ గదిలో మాట బయటికి వినపడదు కదా సార్!”

హిదాయతుల్లా లేచి, బరువైన ఆ తలుపు తీసి, గుమ్మం బయట చెప్పులు తొడుక్కున్నాడు.

“పద, రేపల్లె బస్సెక్కుదాం.”