ఇద్దరు చెబితేనే వార్త

ఆ ఇంట్లో పొద్దున్నే పేపరుకి శిక్ష పడుతుంది. ఉద్యోగం మానేసి ఏళ్లు గడిచినా తండ్రి మాత్రం డెస్క్ వదల్లేదు. భోజనాల బల్లే ఇప్పుడు ఆయన డెస్క్. ఎడమ పక్క కాఫీ కప్పు, కుడి పక్క చెక్కిన పెన్సిలు పెట్టుకుని, ఊరంతా అప్పటికే చదివేసిన పేపరులో తప్పులు దిద్దుతూ కూర్చుంటాడు. ఆ దిద్దుబాట్లు ఎవరికీ అందవు. సాయంత్రానికి అలమర అరల్లో పరుచుకుంటాయి. అయినా ఆయన మానడు. న్యూస్ ఎడిటర్‌గా ఉన్నప్పుడు ఆఫీసులో ఆయన్ని కత్తెర అనేవాళ్లు. ఆ పేరు విని ఆయన మురిసిపోయేవాడు.

ఆఫీసు పద్ధతులన్నీ ఆయన ఇంటికి మోసుకొచ్చాడు. ఒక్క మనిషి చెప్పింది ఆ ఇంట్లో చెల్లదు. రెండో మనిషి అవునన్నాకే అది నిజం. కూతురికి చిన్నప్పుడు ఒళ్లు కాలిపోతుంటే, తల్లి కూడా నుదుటి మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నాకే జ్వరమని నమ్మాడు. ఆ కూతురే పెరిగి విలేకరి అయింది. మొదటిసారి రాసిన వార్త పేపరు మధ్యలో ఎక్కడో పడితే, ఆయన ఆమెకి "లోపలి పేజీ" అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అంతకంటే ఏం చెయ్యాలో తెలియక.

"నాన్నా, సీటు తీసుకుంటున్నాను" అంది కూతురు ఆ పొద్దున్న, కుర్చీ లాక్కుంటూ. "మధ్యాహ్నంలోగా ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసి చెప్పెయ్యాలి."

"ఏ సీటు? ఆ ఫీజు లేనిదా?"

"ఫీజు మాఫీ చేశారు. మొదటి సంవత్సరం పిల్లలకి పాఠాలు చెప్పాలి, వాళ్ల పేపరు నడిపించాలి. హాస్టల్లో గది ఇస్తారు. రైలెక్కితే పూట ప్రయాణం."

"అర్థమైంది. సంతలో చీకటి పడ్డాక మిగిలిపోయిన కూరగాయలు కూడా ఊరికే ఇచ్చేస్తారు. వాటిని ఏరుకోవడానికి వెళ్లేవాళ్లూ ఉంటారు."

ముందుగదిలో తల్లి కుట్టుమిషను ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది. ఆమె ఆ వీధికంతటికీ బట్టలు కుడుతుంది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. నోట్లో సూదులుంటే మాట్లాడే పని ఉండదు, అదొక సుఖం.

కూతురు గుడ్డిగా ఎంచుకోలేదు. ఆమె పనిచేసిన పేపరు మూతపడింది. ఇప్పుడు ఒక కాలేజీలో గంటల లెక్కన జర్నలిజం పాఠాలు చెబుతోంది. డాక్టరేట్ లేకపోతే వచ్చే ఏడాది ఆ గంటలు కూడా ఉండవని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పేశాడు. అప్పటినుంచీ యూనివర్సిటీలన్నీ గాలించింది. చదువు పూర్తిచేసినవాళ్లకే కాదు, మధ్యలో మానేసినవాళ్లకీ ఫోన్లు చేసింది. పరిశోధన చేయించే గైడ్ మనం రాసింది చదువుతాడా, స్టైపెండ్ వేళకి పడుతుందా, ఇంట్లో పనులేమైనా చేయించుకుంటాడా అని మొహమాటం లేకుండా అడిగింది. మానేసి వెళ్లిపోయినవాళ్లు కూడా తిట్టని గైడ్ ఆమెకి ఒక్కడే దొరికాడు, ఈ ప్రొఫెసరే.

"మరి పేరున్న పెద్ద యూనివర్సిటీ ఏమైంది?"

"దాని ఫీజు కట్టాలంటే ఈ ఇల్లు అమ్మాలి."

"ఇంట్లోనే కూర్చుని చేసేది కూడా ఉందన్నావుగా?"

"అక్కడ డబ్బు కడితే చాలు నాన్నా. ఏం రాశావని ఎవరూ చూడరు."

"నీకు అతికినట్టు సరిపోయేది." ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. "సరే, ఇంతకీ అక్కడ వెలగబెట్టబోయేది ఏమిటి?"

కూతురు కప్పు కింద పెట్టింది. ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ భయపడింది. "పేపర్లో తప్పుగా పేరు పడినవాళ్లు ఆ తర్వాత ఎలా బతికారన్నది. మొదట నా చిన్నప్పటి స్కూలు వ్యాను డ్రైవరు గురించి."

పెన్సిలు ఆగింది.

"బాగుంది" అన్నాడాయన నెమ్మదిగా. "పేపర్లో చేరావు, దానికి తాళం పడింది. పెళ్లి చేసుకున్నావు, వాడు తలుపేసుకున్నాడు. నువ్వు అడుగుపెట్టిన చోటల్లా ఏదో ఒకటి మూతపడుతుంది. ఇప్పుడు పాపం ఆ చిన్న యూనివర్సిటీ వంతు."

ఆమె మొహం పాలిపోయింది. సంచీ భుజానికి తగిలించుకుని క్లాసుకి వెళ్లిపోయింది. ఆమె మెట్లు దిగిందో లేదో తండ్రి కళ్లజోడు తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఒక యూనివర్సిటీ నంబరు పట్టుకోవడం ఆయనలాంటివాడికి చిటికెలో పని. ముందుగదిలో మిషను ఆగింది. ఆయన మాట్లాడినంతసేపూ ఆగే ఉంది.

క్లాసు ముగించుకుని కూతురు మధ్యాహ్నం కాకముందే వచ్చేసింది. దారిలో మనసు కుదుటపరచుకుంది. ఆయన మాటలు కొత్తవి కావు, ఇంకెన్నాళ్లో పడక్కర్లేదు కూడా. బల్ల దగ్గరే నిలబడి, ఆయన వింటుండగానే ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది.

"నమస్కారం సార్. సీటు తీసుకుంటున్నానని చెబుదామని..."

అటువైపు నుంచి ప్రొఫెసర్ తడబడుతూ చెప్పింది వింటూ ఆమె మెల్లగా కుర్చీలో కూలబడింది. పొద్దున్న నాన్నగారు ఫోన్ చేశారమ్మా, మీ ఆరోగ్యం బాగాలేదని, మీరే మాట్లాడలేక ఆయనతో చెప్పిస్తున్నారని అన్నారు. తర్వాతి అమ్మాయికి వెంటనే ఇచ్చేశాం. ఆవిడది ఈ ఊరే, ఇందాకే వచ్చి చేరిపోయింది.

కూతురు ఫోన్ బల్ల మీద పెట్టింది. "నాకు ఆరోగ్యం బాగాలేదా నాన్నా?"

"నీ మేలుకే చెప్పాను. పనికిరాని వార్తని అచ్చు కాకుండా ఆపడమే నా ఉద్యోగం."

"నేను వార్తని కాను, మీ కూతుర్ని!" అని అరిచింది కూతురు. "ఫీజు లేదని ఆపారా? కాదు. డ్రైవరు పేరెత్తానని ఆపారు. ఊళ్లోవాళ్లు తిడితే ఎదురు తిరుగుతాను, మీరు తిడితే ఇన్నేళ్లూ నోరు మూసుకుని పడ్డాను. దానికి మీరిచ్చిన బహుమతి ఇదా?"

"ఆ డ్రైవరు తాగి నడిపాడు. నేను శీర్షిక పెట్టాను. అంతే."

"టైరు పేలింది నాన్నా. వ్యాను గోతిలోకి దిగింది. మా క్లాసు అమ్మాయి చెయ్యి విరిగింది. తాగాడని చెప్పింది రోడ్డు పక్క కొట్టువాడు, వాడొక్కడే. మీ సూత్రం ఆ రాత్రి ఏమైపోయింది? తర్వాత పరీక్షలో చుక్క కూడా లేదని తేలితే సవరణ వేశారా?"

"మా పేపర్లో సవరణ వెయ్యడమంటే తల దించుకోవడం."

"నేను ముందు సీట్లో, ఆయన పక్కనే కూర్చున్నాను. ఆ రాత్రి మీరు ఇంటికి రాగానే, డ్రైవర్ మామయ్య తాగలేదు నాన్నా అని మీ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. మీరేమన్నారో గుర్తుందా?"

ఆయన గుర్తులేనట్టు గోడ వైపు చూశాడు.

"రెండో మనిషి ఎవరు అన్నారు. దెబ్బలతో ఉన్న చిన్నపిల్లని, నన్ను అలా అడిగారు."

"అడగాలి మరి" అన్నాడు తండ్రి. గొంతులో బింకం మాత్రం పోలేదు. "ఇప్పుడూ అదే అడుగుతాను. నువ్వు కాక ఇంకెవరు చెబుతారు? రెండో మనిషి ఎవరు?"

"నేను."

ఇద్దరూ తిరిగి చూశారు. తల్లి ముందుగది గుమ్మంలో నిలబడి, నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంటోంది.

"ఆ పొద్దున్న పిల్లని వ్యాను ఎక్కించింది నేను. దాని సీటు బెల్టు ఊడిపోయిందని, అతను కట్టలేకపోతుంటే నేనే వంగి కట్టాను. అతని మొహానికి నా మొహం ఇంత దగ్గర. సబ్బు వాసన తప్ప ఇంకేమీ రాలేదు. ఆ తర్వాత పావుగంటకే వ్యాను గోతిలో పడింది."

"మరి అప్పుడు చెప్పలేదేం?" అన్నాడు తండ్రి.

"మీరు అడిగింది దాన్ని. చూసింది నన్ను. నోరు విప్పావో చూడు అన్నట్టు చూశారు. పేపరు అచ్చుకి వెళ్లిపోయిందని కూడా అన్నారు. నాకు భయం వేసింది. తల దించుకుని గుండీ కుట్టుకున్నాను."

"అమ్మా..." అంది కూతురు. తండ్రి అన్న మాటలన్నిటికంటే ఇది లోతుగా దిగింది. ఆ రోజు ఇంట్లో తనొక్కతే అనుకుని పెరిగింది. పక్కనే ఇంకో నిజం కూర్చుని గుండీలు కుట్టుకుంటోందని తెలియదు.

"అక్కడితో అయిపోలేదు" అంది తల్లి. ఇక ఆపుకోలేనట్టుంది. "తర్వాత అతను పిచ్చివాడిలా అయ్యాడు. ఎవరు కనబడితే వాళ్ల మొహం మీద ఊదేవాడు. వాసన చూడండి, వాసన చూడండి అని. పిల్లలు అతని వెనకాల పడి ఊదుతూ ఏడిపించేవాళ్లు. ఒకసారి మన గుమ్మం దాకా వచ్చాడు. అమ్మా, మీకు తెలుసు కదమ్మా అన్నాడు తలుపు అవతల్నుంచి. నేను గడియ తియ్యలేదు. మిషను గట్టిగా తొక్కుతూ కూర్చున్నాను, వినబడకుండా."

బల్ల మీద పెన్సిలు దొర్లి కింద పడినా తండ్రి తియ్యలేదు. డ్రైవరు పోయి చాలా కాలమైంది. కూతురు ఆ మధ్య డ్రైవరు భార్యని కలిసింది. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద కూడా డాక్టరు వంగితే ఊదేవాడని ఆవిడ చెప్పింది.

"థీసిస్‌లో మీ పేరు రాయకూడదనే అనుకున్నాను నాన్నా" అంది కూతురు. "ఒక ఎడిటర్ అని మాత్రం రాద్దామనుకున్నాను. మిమ్మల్ని అంత జాగ్రత్తగా దాచుకున్నాను."

ఆ మాటకి ఆయన భుజాలు కుంగిపోయాయి. కూతురి ఫోన్ తీసుకుని, అదే నంబరు నొక్కాడు. "పొద్దున్న మాట్లాడినవాణ్ణి. నేను చెప్పింది అబద్ధం. మా అమ్మాయికి జబ్బు లేదు. అడ్డుపడింది నేను." అవతలి మనిషి మర్యాదగానే జవాబిచ్చాడు. ఈ ఏడాదికి చేయగలిగింది లేదు. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఫీజు మాఫీ అప్పుడు ఉంటుందని మాట ఇవ్వలేను.

"ఆ చేరిన అమ్మాయిని అడిగి చూస్తే..." అన్నాడు తండ్రి.

కూతురు ఫోన్ లాక్కుంది. "వద్దు సార్. ఆవిడ సీటు ఆవిడదే. ఉంటాను." ఫోన్ పెట్టేసి తండ్రి వైపు తిరిగింది. "మళ్లీ ఇంకొకరి బతుకు మీద పడకండి నాన్నా."

ఆయన ముసలి మొహం మీద నీళ్లు జారుతున్నాయి. ఆ కళ్లలో నీళ్లు ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తే జాలి వేస్తుందనుకునేది. జాలి వేసింది కూడా, కానీ కోపం తగ్గలేదు. ఫోన్‌లో రికార్డర్ నొక్కి, బల్ల మీద ఆయన ముందుకి జరిపింది.

"ఇదేమిటి?"

"సీటు లేకపోయినా పని ఆగదు. మొదటి ఇంటర్వ్యూ మీదే. చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "స్కూలు వ్యాను డ్రైవరు విషయంలో అప్పట్లో ఒక పొరపాటు జరిగింది" అన్నాడు.

కూతురు వంగి కిందపడ్డ పెన్సిలు తీసి, బల్ల మీద ఠకీమని కొట్టింది. చిన్నప్పటినుంచీ తన కాగితాల మీద ఆయన కొట్టినట్టే. "ఎవరి పొరపాటు?"

"నాది" అన్నాడు తండ్రి. "తాగలేదని తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. అతన్ని నేనే చంపాను."

"నేనూ" అంది తల్లి గుమ్మంలోంచి. మూసిన అరచేతిలో గుండుసూదులు గుచ్చుకుంటున్నా చెయ్యి విప్పలేదు.

ఆ ఇంటి సూత్రం ప్రకారం ఇద్దరూ చెప్పారు. ఇప్పుడది నిజం. కూతురు బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. తండ్రి చెయ్యి వచ్చి భయంభయంగా ఆమె తల మీద ఆనింది, ఆమె దాన్ని తోసెయ్యలేదు. రికార్డర్ నడుస్తూనే ఉంది. ఆ మాట వినడానికి ఒకప్పుడు గుమ్మం దాకా వచ్చిన మనిషి మాత్రం లేడు.