గ్రజీనా అని పిలిస్తే

"పైన లైట్ల దగ్గర ఎవరండీ? ఏ గ్రజీనాని కూర్చోబెట్టారక్కడ?"

రిహార్సల్‌లో వేదిక మధ్యలో నిలబడి కయేతాన్ అరిచాడు. అసలైన మాట, జనం పడి పడి నవ్వాల్సిన మాట నోటి చివరిదాకా వచ్చిన క్షణంలో దీపాలన్నీ ఆరిపోయాయి. చీకట్లో అతనొక్కడూ మిగిలాడు. నెత్తిన ఎర్ర విగ్గు, ఒంటి మీద చిరుత మచ్చల బ్లౌజు, చేతిలో ప్లాస్టిక్ సంచీ.

జట్టువాళ్ళు గొల్లున నవ్వారు. పైనున్న చిన్న గదిలోంచి ఒక ఆడగొంతు నింపాదిగా పలికింది.

"నేనేనండీ. పేరు సరిగ్గానే పిలిచారు. ఫ్యూజు పోయింది, కాస్త ఆగండి."

నవ్వు రెట్టింపయింది. కయేతాన్ కూడా నవ్వేశాడు. దీపాలు వెలిగాక నిచ్చెన దిగి వస్తున్న అమ్మాయిని చూశాడు. పొట్టి జుట్టు, పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్, మోకాళ్ళ దగ్గర దుమ్ము.

"సారీ అండీ. భలే తిప్పికొట్టారు. ఇంతకీ మీ పేరు?"

ఆమె స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని అతన్ని ఒక్క క్షణం చూసింది.

"ఇన్కా అంటారు అందరూ."

"ఇన్కా! బాగుంది. ఇందాక మాత్రం గట్టి దెబ్బే కొట్టారు."

"నేనేం కొట్టలేదు," అంది ఆమె. అదీ హాస్యమే అనుకున్నాడు అతను.

పోలిష్ నగరం వూచ్‌లో డెబ్భై ఏళ్ళ ఆడవాళ్ళలో మేడకొక గ్రజీనా దొరుకుతుంది. ఇన్కా వయసు వాళ్ళలో వెతికినా దొరకదు. కొన్నేళ్ళుగా అది పేరుగా కన్నా తిట్టుగానే ఎక్కువ చెలామణి అవుతోంది. కొట్లో డిస్కౌంటు దగ్గర దెబ్బలాడే ఆవిడ గ్రజీనా. రైల్లో కాగితం విప్పి ఉడికిన గుడ్లు తినే ఆవిడ గ్రజీనా. కారు వంకరగా ఆపిన ఆవిడా గ్రజీనాయే. ఆ పేరుతోనే కయేతాన్ జట్టు ఊరూరా హాస్య ప్రదర్శనలు ఇస్తోంది. "పానీ గ్రజీనా", అంటే గ్రజీనాగారు, అతని వేషం. అతను సాగదీసి "ఏవండోయ్!" అంటే చాలు, హాలు ఊగిపోయేది.

ఇన్కాకి ఆ పేరు అమ్మమ్మ నుంచి వచ్చింది. బళ్ళో పిల్లలు దాన్ని పట్టుకుని ఏడిపించినప్పుడు, అమ్మమ్మ ముద్దుగా పిలిచే "గ్రజీంకా"లో తోక ముక్క ఒక్కటి ఉంచుకుని మిగతాది దాచేసింది. పని చేసే సాంస్కృతిక భవనంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. కిందటి నెల నిచ్చెన పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలని అడిగితే, మేనేజరు పెదవి విరిచి, "ఇదిగో, మొదలుపెట్టింది మా గ్రజీనా!" అన్నాడు. అదే ఆమె పేరని తెలిసి కాదు. తెలియకుండా అన్నందుకే ఎక్కువ తగిలింది. ఆ వారమే నగర కార్యాలయానికి వెళ్ళి, పేరు మార్చుకోవడానికి జూన్‌లో ఒక గురువారం ఖాయం చేసుకుంది.

ఈలోగా వాన పడింది.

ట్రామ్ స్టాపు రేకు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు.

"నేనేం చేసినా మీ గదిలోంచి నవ్వు రాదేమిటండీ?" అన్నాడు కయేతాన్.

"గాజు తలుపు కదా, వినపడదు."

"తలుపు తెరిచే ఉంటుంది. చూశాను."

"మీరు చూడాల్సింది జనాన్ని. నన్ను కాదు."

"జనం నవ్వుతూనే ఉంటారు. నవ్వని మనిషి మీదికే పోతుంది చూపు. ఏం చెయ్యను?"

ట్రామ్ వచ్చి ఇద్దరి కాళ్ళ మీదా బురదనీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది. ఎక్కాలని ఇద్దరికీ తోచలేదు. అతను తడిసిన మేజోళ్ళ వైపు దిగులుగా చూసుకుంటే, ఆమెకి నవ్వు ఆగలేదు.

"హమ్మయ్య! మేజోళ్ళు తడిస్తే నవ్వుతావన్నమాట. ముందే చెప్పొచ్చు కదా, రోజూ తడుపుకునేవాణ్ణి!"

మీరు కాస్తా అలా నువ్వు అయింది. వసంతమంతా అతను ఏదో ఒక వంకతో ఆ భవనానికి వచ్చాడు. మైకు బాగు చేయించాలని ఒకసారి, గొడుగు మర్చిపోయానని ఇంకోసారి. ఆ గొడుగు అతని భుజానికే వేలాడుతూ ఉండేది. వేషం తీసేస్తే అతను నెమ్మదైన మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వింటాడు. అసలు పేరు ఈరోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇన్కా వాయిదా వేసింది. చెబితే అతని ముఖంలో మెదిలే మొదటి నవ్వును చూడాల్సి వస్తుందని ఆమె భయం.

చివరికి అమ్మమ్మే చెప్పింది.

ఆదివారం భోజనానికి కయేతాన్ పూలగుత్తితో వచ్చాడు. అమ్మమ్మ ఇరవై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మధ్య పనిచేసిన మనిషి. ఆ హోరుకి చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట గ్రహిస్తుంది. సేమ్యా వేసిన కోడి సూప్ వడ్డించి, పుల్లమీగడ కలిపిన దోసకాయ ముక్కలు అతని వైపు జరిపింది.

"మీ పేరు చెప్పనే లేదండీ," అన్నాడు అతను, ఆమెకి కనబడేలా ముఖం ఎత్తి.

"దాని పేరే నాదీ, బాబూ. బాప్తిస్మం నాడు ఫాదర్ అడిగితే మా అమ్మాయి నా పేరు చెప్పేసింది. వద్దే, పాతకాలం పేరు అన్నా వింటేనా!"

"మీరూ ఇన్కాయేనా?"

"ఇన్కా ఏమిటి, నా మొహం! గ్రజీనా."

కయేతాన్ నవ్వాడు. బల్ల దగ్గర తనొక్కడే నవ్వుతున్నాడని తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఇన్కా ముఖం చూశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

అమ్మమ్మ అతన్నే పరీక్షగా చూస్తోంది.

"నువ్వు ఫోన్లో ఉండే అబ్బాయివి కదూ? వచ్చినప్పట్నుంచీ అనుకుంటున్నా. మూడో అంతస్తు హలీనా చూపించింది. విగ్గు పెట్టుకుంటావు."

"అవునండీ," అన్నాడు.

"నాకు వినపడదుగా. నీ నోరు చూస్తూ కూర్చున్నా. నువ్వు నా పేరు అన్నప్పుడల్లా జనం నోళ్ళు తెరుస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు ట్రామ్ సంగతి."

"ఏ ట్రామ్, అమ్మమ్మా?" అంది ఇన్కా.

"నీకు చెప్పలేదులే. చలికాలంలో ఎక్కడానికి ఆలస్యం చేశాను, చేతిలో సంచులున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను చూసి గ్రజీనా, గ్రజీనా అనుకుంటున్నారు. పెదాలు చూశా. మన పేట పిల్లలే, నన్నెరిగిన వాళ్ళే అనుకున్నా. నవ్వి, ఎవరబ్బాయివి నాయనా అని అడిగా." అమ్మమ్మ చెంచా పక్కన పెట్టింది. "వాళ్ళు ఇంకా నవ్వారు. పాపం, మంచి పిల్లలు అనుకుంటూ దిగిపోయా. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆలోచించా, ఎవరి పిల్లలయి ఉంటారా అని."

కయేతాన్ చేతిలో చెంచా దించేశాడు.

"చల్లారిపోతోంది, తినండి. ఇంకాస్త సూప్ పొయ్యనా, బాబూ?"

కిందికి దిగుతుంటే మెట్ల మీద కయేతాన్ ఆగిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి రోజే చెప్పాను. నువ్వు నమ్మలేదు."

"ఇన్కా, నేను ఆవిడని ఉద్దేశించి... అది ఒట్టి పాత్ర. మగాళ్ళ మీద కూడా వేస్తాం కదా! యానుష్ వేషం లేదా? సాండల్స్‌లో మేజోళ్ళేసుకుని, పిసినారిగా..."

"యానుష్‌ని చూసి నవ్వి ఇంటికి పోతారు. నువ్వు గట్టిగా ఏదైనా అడిగితే ఎవరైనా నిన్ను యానుష్ అన్నారా? నేను నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలంటే గ్రజీనాని. సామాన్లు కొనడానికి వెళ్ళి తప్పు తీగ ఇచ్చారని చెబితే గ్రజీనాని. ట్రామ్‌లో ఒకడు కాళ్ళు జాపుకుని కూర్చుంటే కాస్త జరగమన్నా గ్రజీనానే. నోరు మూసుకుని ఉన్నంతసేపే నేను ఇన్కాని. అందుకే జూన్‌లో ఒక గురువారం వెళ్ళి ఈ పేరు మార్చేసుకుంటున్నాను."

అతను గోడకి ఆనుకున్నాడు.

"నా పాత్ర పేరే మార్చేస్తాను. హలీనా అని పెడతా."

"మూడో అంతస్తు."

"సరే, బొజేనా."

"మా ఆఫీసులో జీతాలు చూసే ఆవిడ. భర్త పోయి ఏడాది కాలేదు."

"మరేం పేరు పెట్టమంటావు?"

"నన్నా అడుగుతున్నావు? ఈసారి ఎవర్ని పట్టిద్దామా అని ఇద్దరం కూర్చుని ఎంచుదామా?"

"అది నా బతుకుతెరువు, ఇన్కా!"

"తెలుసు. అందుకే మానెయ్యమని అనలేదు." ఆమె పై మెట్టు ఎక్కింది. "ఇంక మా భవనానికి ఊరికే రాకు."

అతను రాలేదు. కొన్నాళ్ళు గేటు వైపు చూడకూడదని ఇన్కా పట్టుబట్టి పైన గదిలోనే ఉండిపోయింది. చూడకుండా ఉండటం కూడా ఒక పనే అయిపోయింది.

పేరు మార్చుకుంటున్న సంగతి అమ్మమ్మకి అప్పుడే చెప్పింది.

"మార్చుకో. నీ బతుకు నీది. నాకేం బాధ లేదు," అంది అమ్మమ్మ. వెంటనే లేచి, పొద్దున్నే నీళ్ళు పోసిన కిటికీలో మొక్కలకి మళ్ళీ నీళ్ళు పోసింది. నీళ్ళు పళ్ళెం దాటి నేల మీదికి కారినా పోస్తూనే ఉంది. ఇన్కా తుడుస్తూ కిందికే చూస్తుండిపోయింది.

జూన్ మొదట్లో దగ్గరి ఊళ్ళో పండగ జరిగింది. లైట్లూ సౌండూ ఇన్కా పనిచేసే భవనానివే, ప్రదర్శన కయేతాన్ జట్టుది. తప్పించుకునే దారి లేదు. మైదానంలో గుడారం వేశారు, సాసేజ్‌లు కాలుతున్నాయి, మబ్బు పట్టిన మధ్యాహ్నం. బల్లలన్నీ నిండిపోయాయి.

కయేతాన్ వేషం లేకుండా, మామూలు చొక్కాతో వచ్చాడు. ఏదో కొత్తది మొదలుపెట్టాడు. ఒక మగవాడు, ఎవరు ఏం చెప్పినా వినకముందే జవాబిచ్చేవాడు, చివరికి డాక్టరు చెప్పేది కూడా విననివాడు. కొన్ని చోట్ల నవ్వు వచ్చింది. చాలాచోట్ల రాలేదు. వెనక బల్లల్లోంచి ఎవడో అందుకున్నాడు.

"గ్రజీనా!"

ఇంకొకడు కలిశాడు. బల్లలు దరువేస్తూ గుడారమంతా ఒకటే పాట అయింది. "గ్రజీనా! గ్రజీనా!"

ఇన్కా చేతులు మీటల మీద బిగుసుకుపోయాయి. ఇంతమంది గొంతులు కలిసి తన పేరు పిలవడం ఆమె జీవితంలో ఎన్నడూ వినలేదు.

కయేతాన్ మైకు దగ్గరికి వంగాడు.

"ఆవిడ రారండీ. ఇక రారు. నాకు వచ్చింది ఇదే."

ఈలలు వేశారు. ఒక కాగితం గ్లాసు వచ్చి వేదిక మీద పడింది. అతను మొదలుపెట్టిన ముక్కని చివరిదాకా చెప్పి, వంగి దణ్ణం పెట్టి దిగిపోయాడు. జట్టులో సెవెరిన్ అప్పటికే తెర వెనక ఎర్ర విగ్గు తగిలించుకుంటున్నాడు. అతను ఆ బ్లౌజుతో బయటికి రాగానే గుడారం పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు.

ఒక్క మీట కిందికి లాగితే అంతా చీకటే. ఇన్కా చెయ్యి దాని మీదే ఉంది. లాగలేదు. చివరిదాకా లైటు సరిగ్గానే వేసింది, ఎందుకంటే అది ఆమె పని.

జనం వెళ్ళిపోయాక చినుకులు మొదలయ్యాయి. ఆమె కేబుళ్ళు చుడుతుంటే కయేతాన్ వచ్చి ఇంకో చివర పట్టుకున్నాడు.

"తప్పు చుడుతున్నావు. మెలిపడుతుంది."

"చూపించు మరి." ఆమె చూపించింది. అతను మళ్ళీ తప్పే చుట్టాడు. "సెవెరిన్ నన్ను జట్టులోంచి పొమ్మన్నాడు."

"నాకోసం చేస్తే అక్కర్లేదు. నేను అడగలేదు."

"నీకోసమే అని మొదలుపెట్టాను. నిజం చెబుతున్నా. తర్వాత ఓ రోజు విగ్గు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, 'ఎవరబ్బాయివి నాయనా' అని మీ అమ్మమ్మ అడిగినట్టయింది. తీసేశాను. ఇక పెట్టుకోలేకపోయా." కేబుల్ వంకే చూస్తూ అడిగాడు. "గురువారం వెళుతున్నావా? ఏ పేరు పెట్టుకున్నా చెప్పు, నేర్చుకుంటా."

"వెళ్ళడం లేదు."

"అమ్మమ్మ కోసమా?"

"ఆవిడ మార్చుకోమనే అంది. ఇది నాకోసం. ఇవాళ అంతమంది అరుస్తుంటే అనిపించింది, నేను దీన్ని వదిలేస్తే వాళ్ళకి పూర్తిగా ఇచ్చేసినట్టే కదా అని. రేపు ఇంకో పేరు పట్టుకుంటారు. ఎన్ని వదులుకుంటూ పోను?"

అతను తలూపాడు. చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరూ గుడారం అంచు కిందికి జరిగారు.

"నీకు తెలుసా," అంది ఆమె, "ఆ ఆదివారం తర్వాత కూడా నువ్వు నన్ను ఒక్కసారీ నా పేరుతో పిలవలేదు. మెట్ల మీద దెబ్బలాడినప్పుడు కూడా ఇన్కా అనే అన్నావు."

"భయమేసింది."

"దేనికి?"

"నా నోట్లోంచి అది ఎలా వస్తుందో అని."

"చూద్దాం, పిలు."

అతను నోరు తెరిచాడు. "గ్రజీ...నా" అన్నాడు. సాగదీత దానంతటదే వచ్చింది, వేదిక మీది గొంతుతో సహా. ఇద్దరికీ వినపడింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఛ! చూశావా? ఇదే..."

"మళ్ళీ పిలు," అంది ఆమె. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "పర్వాలేదు. నాకూ అలవాటు లేదు. నన్ను నేనే పిలుచుకోలేదు ఇన్నాళ్ళూ."

అతను ఊపిరి పీల్చుకున్నాడు. చొక్కా అంచుతో ముఖం మీద వాన తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. ఈసారి తొందరపడలేదు.

"గ్రజీనా."

అది వట్టి పేరులా వచ్చింది. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు, తలుపు తీయమని అడిగినట్టు.

"ఊఁ," అంది ఆమె. "చెప్పు."

"ఏం లేదు. ఊరికే పిలిచా."