మంటలు పోయిన పాదాలు

ఆదివారం పొద్దున చర్చికి పోయేముందు ఏసురాజు వేణ్ణీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. బేతంచెర్లలో నాపబండలు పాలిష్ పట్టి పైకొచ్చిన మనిషి. ఇంట్లో నేల, గోడలు, ఆఖరికి కుక్క పడుకునే చోటు కూడా పాలిష్ బండే. ఆ ఇంటికొచ్చి జారిపడని చుట్టం లేడు. షుగర్ వచ్చాక టీలో చక్కెర మానేశాడు. టీతో తినే జిలేబీ గురించి డాక్టరు విడిగా చెప్పలేదు కాబట్టి దాన్ని మానలేదు.

ఆ ఆదివారం భార్య కృపమణి మరిగిన నీళ్లు తొట్టిలో పోసింది. చన్నీళ్లు కలిపేలోపల చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలు ఫోన్ చేస్తే ఆ ఇంట్లో అన్నం మాడాల్సిందే. తిరిగొచ్చేసరికి మొగుడు తొట్టిలో కాళ్లు పెట్టుకుని, వాట్సాప్‌లో వచ్చిన ఆరోగ్య సూత్రాలు చదువుతున్నాడు.

"నీళ్లు సరిపోయినాయా?"

"బాగుండాయి. ఇంకొంచెం వేడైనా పర్వాలేదు."

ఆమె చెయ్యి ముంచింది. ముంచీ ముంచకముందే చెయ్యి దానంతట అదే వెనక్కొచ్చేసింది. అబ్బా అని అనుకున్నది తర్వాత.

ఆయన కాళ్లు బయటికి లాగింది. తోలు బొబ్బలెక్కి ఊడొస్తోంది. ఎడమ అరికాల్లో బండ పెచ్చు ఒకటి దిగబడి, చుట్టూ నల్లబడింది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలీదు.

వంటింట్లోంచి ఇదంతా చూసిన కూతురు ప్రసన్నకుమారి చపాతీ కర్రతోనే వచ్చింది. బద్వేలు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తుంది. రెండు నిమిషాలు ఆ పాదాల్ని చూసి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద కర్రతో తట్టింది. కాలు ఎగిరి టీపాయ్ మీది ప్లాస్టిక్ పూలకుండీని తన్నింది.

"నేను తన్నలేదు మే," అంది కృపమణి.

"నీ మెదడు తన్నమనలేదు లేమ్మా. దెబ్బ కబురు నరంలో పడి వెన్నుపాముకు పోయింది, జవాబు ఆడ్నుంచే వచ్చేసింది. మెదడుకు తర్వాత తెలుస్తాది. ఇందాక నీ చెయ్యి వెనక్కొచ్చింది కూడా అట్లే."

తండ్రి మోకాలి కింద తట్టింది. మడమ వెనక తట్టింది. కాలు కదల్లేదు.

"నాయనా, నీ కాళ్లల్లో కబురు మోసే నరాలు చచ్చిపోయినాయి. షుగర్ తినేసింది. కర్నూలు ఆస్పత్రికి పోదాం లెయ్."

"నేను రాను."

పోయినేడు ఆయన పాదాలు రాత్రుళ్లు భగభగ మండేవి. ప్రార్థనలు చేయించారు. కొన్నాళ్లకు మంటలు ఆగిపోయాయి. ఏసురాజు మందులు మానేసి, చర్చిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పి, సంఘానికంతా బిర్యానీ పెట్టాడు. చెప్పిన ప్రతిసారీ ఆ సాక్ష్యం కొంచెం పెరిగింది. ఎండాకాలం పాలిష్ మిషన్ల దగ్గర కాలే బండల మీద ఉత్తకాళ్లతో నడిచి కూడా చూపించాడు. ఆ సాక్ష్యం వినడానికే ఈ పొద్దు పక్కూరి సంఘం వాళ్లు వస్తున్నారు.

"ఆస్పత్రికి పోతే జనం ఏమనుకుంటారు? దేవుడు బాగు చేసినాడని ఆయన ముందరే నిలబడి చెప్పినా."

"మంటలు పోయింది బాగై కాదు నాయనా. అరిచేవాళ్లంతా చచ్చిపోతే ఏ ఇల్లైనా నిమ్మళంగానే ఉంటాది."

"నీ చదువు దేవునికి చెప్తాండావా?"

"నేను నీ కాలు గురించి చెప్తాండా."

కృపమణి నేల మీద కూలబడింది. "నువ్వు బండల మీద నడుస్తాంటే నలుగురినీ పిలిచి చూపించింది నేనే. శానా గొప్పనుకున్నా. సరే, సాక్ష్యం చెప్పుకో పో. రేపు కాలు లేకపోతే మోసుకొచ్చి మైకు ముందర నిలబెడతా."

ఏసురాజు వంగి ఆ పెచ్చును తనే లాగాడు. చీము బండ మీద కారింది. ఎవరి కాలో చూస్తున్నట్టు దాన్ని చూశాడు. వేలితో గట్టిగా నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు.

"కారు పిలిపించు పాపా," అన్నాడు.

కర్నూలులో డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. ఎడమ పాదం నిలవదు, తీసేయాలి. కుడిదాన్ని కాపాడుకోవాలి. చచ్చిన నరాలు మళ్లీ రావు.

మంచం మీద పడుకున్న ఏసురాజు పైకప్పు చూస్తున్నాడు. "ఆ మంటలు మళ్లీ ఇయ్యమని అడుగుదామా మణీ?" అన్నాడు. చేత్తో పక్కన తడుముతూ, "యాడుండావు?" అన్నాడు.

"నీ పాదం పట్టుకునే ఉండా."

ఆమె చెయ్యి చీలమండ దాటించింది.

"ఈడ?"

"లేదు."

పిక్క మీదికి జరిపింది. "ఈడ?"

"లేదు మే."

మోకాలి దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్లు నిండిపోయాయి.

"ఆ. ఈడ తెలుస్తాండాది. ఆడే పట్టుకో."