పోడు కేక

ఇందులో ఒక్క మాట అబద్ధమైతే, నర్సమ్మా, నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే నీ బీపీ మిషను మీద రాలిపోవాలి. మొన్న నాలుగన్నానా? అది మొన్న.

మా ముత్తాత గంగయ్య పోలవరం ఎగువ కొండల్లో పోడు కొట్టేవాడు. గొడ్డలి ఎత్తితే సూర్యుడికి అడ్డమొచ్చేది. చెట్లు నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలు చల్లేవారు. నిప్పు పెట్టేముందు మా ఇంటివాళ్ళు మూడు కేకలు వేసేవారు. "పిల్లా జెల్లా ఎత్తుకుని దిగిపోండహో!" కుందేళ్ళకీ, పాములకీ, కంటికి కనబడనివాటికీ. మూడో కేక అయ్యాకే నిప్పు.

ఆ ఏడాది నరికిన చెట్లు ఎండాయి. ఇంక కేక వేయడమే. అంతలో తెల్లదొర జవాన్లొచ్చి, ఈ అడవి సర్కారుదన్నారు. తాతని జైలుకి పట్టుకుపోయారు. తిరిగి రాలేదు.

ఇప్పుడా కొండ కూడా ప్రాజెక్టు నీళ్ళలో ఉంది. మావాళ్ళని తలో కాలనీకి తోలేశారు. ఇక్కడ ఆ కేక తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. గాలి లేదు. పచ్చిచెట్టు నరికిన వాసన... దూరంగా కేక. కూరగాయల బండి మైకేమో అనుకున్నా. కాదు, తాత పోడు కేకే. పక్కింటి వీరబాబుకి చెబితే నవ్వాడు.

"మామ్మా, మొన్న పులొచ్చి నీ ఇంట్లో టీవీ చూసిందన్నావు. ఇవాళ తాతొచ్చాడా?"

ఇవాళ పొద్దున్న రెండోది. ఈ గోడ వెనకే. మెల్లగా... దిగిపోండి...

"తాతా, ఇది మన కొండ కాదు" అన్నా.

ఊపిరి వినబడింది. వెళ్ళలేదు.

రోడ్డు పక్క వేపమొక్కలు చూశావా? అన్నీ నరికి ఉన్నాయి. పోడులో కొట్టినట్టే, తలలు దిగువకి. ఈ బల్లపరుపు నేలలో దిగువేదమ్మా? అన్నీ నా గుమ్మం వైపే.

నా మాట ఎవరూ నమ్మరు, ఎందుకో నీకూ తెలుసు. నువ్వు తెల్లకోటు మనిషివి. ఇంటింటికీ వెళ్ళి పిల్లల్నీ, గొడ్లనీ బయటికి తీసుకురమ్మను. గ్యాస్ లీకయిందని చెప్పు. ఆ అబద్ధం నా ఖాతాలో వేసుకుంటాలే. నేను రాను. కేకేసినవాడికి ఎవరో ఒకరు పలకాలి కదా.

ఊఁ, లే. నీతో వచ్చినాయన్ని కూడా తీసుకుపో, పాపం ఇందాకట్నించీ గుమ్మంలోనే నిలబడ్డాడు.

...ఎవరూ రాలేదా?

అయితే పెరటిదారిన వెళ్ళు తల్లీ. ముందు వీరబాబు ఇంటికి. వాళ్ళింట్లో పసిబిడ్డ ఉంది.